మగ్గం మీద కోసిన చీర

దగ్గరికి జరిగి కూర్చోండమ్మా, పోయిన ఎండాకాలం సంగతి చెబుతాను. మాది ఎర్రగుంట్ల దగ్గర నేతగాళ్ల ఊరు. మా పెద్దమ్మాయి సుజాత అప్పుడు ఊళ్లో హైస్కూల్లోనే పదో తరగతి చదువుతోంది. పరీక్షల ముందు ఒకరోజు తరగతిలో కళ్లు తిరిగి పడిపోయిందని కబురొస్తే మగ్గం దిగి పరుగెత్తాను. పిల్ల పెదవులు ఎండి చీలిపోయి ఉన్నాయి.

"నీళ్లు తాగలేదామ్మీ?" అన్నాను.

"తాగితే బాత్రూముకు పోవాల కదమ్మా. దానికి తలుపు లేదు. ఆడపిల్లోళ్లం ఎవురమూ తాగం. నేనింక బడికి రాను."

హెడ్మాస్టరు తల వంచుకున్నాడు. "తలుపు కోసం పైవోళ్లను శానాసార్లు అడిగినానమ్మా. దుడ్లన్నీ టౌను బడికే పోతాండాయి. ఆడ గోడలకు రంగులు గూడా ఏసినారు."

ఇంటికొచ్చి కత్తెర తీసుకుని, మగ్గం మీద సగం నేసిన చీరను కోశాను. మా అత్త అడ్డం వచ్చింది.

"ఏమే, సగం చీర కోస్తే ఇంటికి కీడు."

"బిడ్డ పడిపోయిండాదత్తా. ఇంకేం కీడు రావాల?"

ఆ గుడ్డను బడి బాత్రూముకు తలుపులా కట్టాను. సుజాత నా ముందే చెంబెడు నీళ్లు గటగటా తాగింది. మళ్లీ బడికి పోయి పరీక్షలు రాసింది. మాకు నూలిచ్చి చీరలు నేయించుకునే షావుకారు, చీర పాడుచేశానని నూలు ఇవ్వడం మానేశాడు. గుడ్డ గాలికి చిరిగింది. తలుపు ఇంకా రాలేదు. ఇప్పుడు మా చిన్నమ్మాయి అదే బడికి పోతోంది, పొద్దున నీళ్ల చెంబు ముట్టదు.

మీ ఇల్లు చల్లగుండాలి తల్లీ. మీ ఆడబిడ్డలు కడుపునిండా నీళ్లు తాగి బడికి పోవాలి.