పాడె కాదు, కాష్టమూ కాదు

పాడ్‌కాస్ట్ అనే మాట మొదటిసారి విన్న రోజు నా మనవరాలి నెత్తిన ఒక మొట్టికాయ వేశాను. పొద్దున్నే బర్రె దగ్గర కూర్చుని పాలు పిండుతున్నాను. పిల్ల చెవుల్లో తెల్ల వైర్లు పెట్టుకుని వచ్చి, "నానమ్మా, కొత్త పాడ్‌కాస్ట్ వచ్చింది" అన్నది. నాకు వినబడింది పాడె, కాష్టం.

"ఎవరి పాడెనే? ఎవరి కాష్టం? పాలు పిండే కాడ గవేం మాటలు?"

నెత్తి రుద్దుకుంటూనే నవ్వింది. అవి ఇంగ్లీషు పాఠాలట. వారానికొకటి ఇంటర్నెట్టులోకి వస్తుందట. చేవెళ్లలో తను చదివిన కాలేజీ పక్కన నెట్ సెంటర్ ఉన్నది. అక్కడ కంప్యూటరుకు వైరు తగిలించి, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైన పాటల డబ్బాలోకి వాటిని ఎక్కించుకుని వింటుందట.

"గట్ల ఎక్కిచ్చుడును సింక్ జేసుడు అంటరు నానమ్మా."

"సింకంటే గిన్నెలు కడిగేది గదనే. మీయమ్మ జేసే పని గదే."

మేము ఉండేది మొయినాబాద్ దగ్గర. నా కొడుకు అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌసులో తోట పని చేస్తాడు, కోడలు అక్కడే వంట చేస్తుంది. ఆ డబ్బా అక్కడి అమ్మగారిదే. పాతదైందని పారేయబోతే కొడుకు అడిగి తెచ్చాడు. పనికొచ్చే వస్తువును ఎవరైనా పారేస్తుంటే మా ఇంట్లో ఎవరమూ చూస్తూ ఊరుకోము. అది నేను నేర్పిన బుద్ధి.

అవి హైటెక్ సిటీ కంపెనీల బండ్లు మా రోడ్డు మీద కూడా తిరగడం మొదలుపెట్టిన రోజులు. మనవరాలు డిగ్రీ అయిపోయి ఒక కంపెనీ ఇంటర్వ్యూకు పోయి, ఉత్త చేతులతో వచ్చింది. "అడిగింది సమజైంది నానమ్మా, నోరే రాలే" అని రెండు రోజులు అన్నం తినలేదు. ఇంకొక కంపెనీ పిలిచింది. ఈసారి కూడా నోరు రాకపోతే తల్లితో పాటు వంటకు పోవాల్సిందేనని కొడుకు తేల్చి చెప్పాడు. అందుకే ఆ పాఠాలు.

డబ్బా చెప్పినట్టల్లా పిల్ల పైకి అనేది. పాకలో నేను, బర్రె వినేవాళ్లం. నేను చదివింది మూడో తరగతి, అదీ సగమే. అయినా రోజూ విన్నది మెదడుకు పట్టకుండా ఎట్లా ఉంటుంది? "మే ఐ కమిన్ సార్" దగ్గర మొదలుపెట్టి అన్నీ నోటికి వచ్చేశాయి. ఒక పాఠంలో ఎవరో "వాట్ ఈజ్ యువర్ వీక్‌నెస్" అని పదే పదే అడిగేవాడు. పిల్ల కూడా వీక్‌నెస్, వీక్‌నెస్ అని చెప్పుకుంటుంటే, నీరసం ఉన్నా నాతో అనలేకపోతున్నదనుకుని వారం రోజులు గ్లాసెడు పాలు ఎక్కువ పోశాను.

మా ఇంట్లో స్విచ్చులు ఆపే పని నాది. మనిషి లేని గదిలో ఫ్యాను తిరిగితే నాకు కాలు నిలవదు. ఆ డబ్బా నెత్తిన కూడా ఒక చిన్న మీట కనబడింది. పక్కకు జరిపితే లోపల ఎర్ర రంగు వచ్చింది. రోడ్డు మీద ఎర్ర లైటు పడితే లారీలే ఆగుతాయి, ఇదెంత? జరిపి గూట్లో పెట్టాను.

ఆ రోజే పిల్లకు జ్వరం కాసి, తెల్లారేసరికి అమ్మవారు పోసింది. వేపమండలు పరిచి పడుకోబెట్టాము. గడప దాటడానికి లేదు. ఇంటర్వ్యూ రెండు వారాల్లో ఉన్నది. పడుకున్న చోటే పాఠాలు వింటానని డబ్బా ఇమ్మని అడిగింది. ఎన్నిసార్లు నొక్కినా పలకలేదు. పాత వస్తువాయె, ఎట్లా వాడాలో చెప్పే కాగితం ఏదీ దానితో రాలేదు, ఆ మీట సంగతి అప్పటికి పిల్లకూ తెలియదు, జరిపిన నాకూ గుర్తు రాలేదు.

"సచ్చిపోయింది నానమ్మా. నేనింక వంటకే పోత" అని ముఖం గోడకు తిప్పింది.

"ఏడిస్తే పొక్కులు పగుల్తయి. ఇటియ్యి దాన్ని. మంచిగ జేపిచ్చుకొస్త."

"అయితే కొత్తయి రెండు వచ్చినయి, గవి గూడ ఎక్కిచ్చుకరా. పాడ్‌కాస్ట్ అని చెప్పు."

డబ్బాను నడుము సంచిలో దోపుకుని చేవెళ్ల బస్సెక్కాను. ఆ నెట్ సెంటరులో జిరాక్సులు తీస్తారు, పెళ్లి పత్రికలు, పోయినవాళ్ల పెద్ద దినం కార్డులు కూడా అచ్చు వేస్తారు. బల్ల వెనక మీసాలాయన ఒకడు ఉన్నాడు. దారి పొడుగునా వల్లించుకుంటూ వచ్చిన మాట తీరా అక్కడ మొదటిలాగే వచ్చింది.

"బిడ్డా, పాడె కాష్టం ఎక్కియ్యాలె."

ఆయన కుర్చీలోంచి లేచాడు. "అయ్యో, ఎవరిదవ్వా?"

"నా మన్మరాలిది."

"ఎప్పుడైంది?"

"మూడొద్దులాయె. అమ్మోరు పోసినప్పటిసంది ఉలుకు లేదు, పలుకు లేదు."

ఆయన గొంతు తగ్గించి కార్డుల పుస్తకం నా ముందుకు జరిపాడు. "ఫోటో తెచ్చినవా అవ్వా? కార్డులేనా, ఫ్లెక్సీ గూడ కొట్టాల్నా?"

"ఫోటో ఏం జేసుకుంటవు? దాన్నే తెచ్చిన" అని నడుము సంచిలోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టాను.

జిరాక్సు కోసం నిలబడ్డ పెద్దమనిషి భయపడి ఒకడుగు వెనక్కి వేసి, చూసి, నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు. మీసాలాయన నుదురు తుడుచుకున్నాడు.

"పాడ్‌కాస్టా అవ్వా!"

"నేనన్నది గదే."

డబ్బా తీసుకుని గోరుతో మీట జరిపాడు. వెలిగింది. "ఏం గాలే, తాళం పడ్డది. ఎవరో హోల్డ్ జేసిన్రు."

నేను రోడ్డు మీద పోయే బస్సు వైపు చూశాను.

అంతటితో తిరిగి వస్తే బాగుండేది. కొత్త పాఠాలు ఎక్కించాలి కదా. పిల్ల ఎప్పుడూ కూర్చునే కంప్యూటరు రిపేరుకు పోయిందట. వేరేదానికి వైరు పెడితే తెర మీద ఏదో అడిగింది. ఆయన చదవబోయాడు. "అవ్వా, ఎక్కియ్యాల్నా అని అడుగుతున్నది. కాకపోతే..."

"ఇంత దూరమొచ్చింది వద్దననీకా? ఎక్కియ్యి!"

నొక్కాడు. అయిపోయాక చెవిలో పెట్టుకున్నాను. మే ఐ కమిన్ లేదు. పెళ్లి బరాత్ బ్యాండు మోగుతున్నది.

"అదే చెప్పబోతున్న. గీ కంప్యూటర్ల ఉన్నదంత ఎక్కుతది, డబ్బల ఉన్నదంత పోతది. నువ్వేమో ఎక్కియ్యంటివి."

మీట జరిపింది నేనే, ఎక్కించమన్నదీ నేనే. ఇంటికి పోతే పిల్ల ముఖం ఎట్లా చూడాలి?

"ఇంటర్నెట్టులకెల్లి మళ్ల తీస్త గాని," అన్నాడు, "గీడ పాఠాలు శానున్నయి. ఏవేవి వింటుండె ఆమె?"

పేర్లు నాకేం తెలుసు? మాటలు తెలుసు. ఆయన ఒక్కొక్కటి తెరిచి నాలుగు ముక్కలు వినిపించాడు. తర్వాతి ముక్క నా నోటికి వస్తే అది మాది, రాకపోతే కాదు. "గిది గాదు... గిది గాదు... ఆగు, గిదే! టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్!" సెంటరులో పిల్లలందరూ కుర్చీలు తిప్పుకుని చూశారు. నేను లెక్క చేయలేదు. "వాట్ ఈజ్ యువర్ వీక్‌నెస్!" అని గట్టిగా అంటే, అప్పుడే లోపలికి వచ్చిన జిరాక్సు పెద్దమనిషి, "షుగరున్నదవ్వా" అన్నాడు.

పాతవన్నీ దొరికాయి. కొత్తవి రెండూ ఎక్కాయి. "తియ్యొచ్చని అది చెప్పేదాక వైరు ముట్టకు" అన్నాడు. నేను చేతులు కొంగులో చుట్టుకుని కూర్చున్నాను.

ఇంటికి రాగానే పిల్ల చెవిలో పెట్టుకుని లేచి కూర్చుంది. "ఏమైందట నానమ్మా?"

"తాళం పడ్డదట."

"ఎవరేసిన్రు?"

"పాలు తాగు ముందు, వీక్‌నెస్ ఉన్నది నీకు."

అమ్మవారు దిగింది. తలకు పోసుకుని, ముఖం మీద మచ్చలతోనే ఇంటర్వ్యూకు పోయింది. పొద్దుగూకేసరికి వచ్చి పాకలో నా పక్కన కూర్చుంది.

"నోరొచ్చిందా?"

"మొదలు రాలే నానమ్మా. వీక్‌నెస్ ఏందని అడిగిన్రు. పాఠంల చెప్పింది మర్శిపోయిన. ఏం చెప్పాల్నో తెల్వక, మా నానమ్మ ఇంట్ల కనవడ్డ స్విచ్చల్ల ఆపుతది, పాటల డబ్బ గూడ ఆపి గూట్ల వెట్టింది, నాకు గూడ గదే అలవాటు, మీ ఆఫీసుల లైట్లు గూడ ఆపుతనేమో అన్న. అందరు నవ్విన్రు. గా నవ్వు ఇనంగనే నోరొచ్చింది. సోమవారం డ్యూటీకి రమ్మన్నరు."

అంటే తాళం వేసింది నేనేనని ఆ పిల్ల అప్పుడే కనిపెట్టిందన్నమాట. నేను బర్రె పొదుగు వైపే చూస్తూ పాలు పిండాను.

సోమవారం పొద్దున డబ్బా గూట్లో కనబడింది. మీట మీద పిల్ల తన ఎర్ర బొట్టుబిళ్ల ఒకటి అంటించింది. ఎప్పటిలాగే చెయ్యి మీట మీదికి పోయింది. బొట్టు చూసి ఆగింది. ఆ గదిలో ఫ్యాను మాత్రం తిరుగుతున్నది. అది ఆపి వచ్చాను.