బ్రేకమ్మ అడిగిన ప్రశ్న

డ్రైవింగ్ స్కూల్లో ఆమెను అందరూ బ్రేకమ్మ అంటారు. పాఠం చెప్పే కారులో ఆమె కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. కాలు దాని మీద, కళ్లు రోడ్డు మీద, నోరు పక్కనున్న మనిషి మీద పెట్టి ఇరవై రెండేళ్లుగా జనానికి కారు నేర్పుతోంది. "కంగారెందుకు నాయనా, ఆ స్తంభం ఎక్కడికీ పోదు, నువ్వే పక్కకి తిప్పు" అంటే వణికే చేతులు కూడా కుదుటపడతాయి.

ఆమె తమ్ముడు పన్నెండేళ్ల కిందట ఆత్మహత్య చేసుకున్నాడు. అంతకు వారం ముందు, "నేను లేకపోతే మీకందరికీ హాయి అక్కా" అన్నాడు. "నోర్ముయ్, అవేం మాటలు" అని కసిరి మాట మార్చేసింది. చాలాకాలం తన్ను తాను తిట్టుకుంది. చివరికి ఆత్మహత్యలు ఆపడం గురించి మామూలు జనం కోసం ఒక ఆస్పత్రివాళ్లు పెట్టిన శిక్షణకు వెళ్లింది. చచ్చిపోవాలనుందా అని అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదనీ, చాలామందికి అడిగితేనే గుండె బరువు దిగుతుందనీ అక్కడ తెలుసుకుంది.

ఆమె దగ్గర నేర్చుకునేవాళ్లలో ఒక లెక్కల మాస్టారు ఉండేవారు. భార్య విడిపోయాక ఒంటరిగా ఉంటున్నారు. నెల రోజులుగా నిద్రలేని కళ్లతో వస్తూ, గేరు మార్చడం కూడా మర్చిపోయేవారు. ఒక సోమవారం ఉదయం మాత్రం ఆయన మొహం తేటగా ఉంది.

"ఇంక క్లాసులు వద్దు మేడమ్. పుస్తకాలన్నీ లైబ్రరీకి ఇచ్చేశాను. పిల్లిని కింది వాటావాళ్లు చూసుకుంటామన్నారు. మీకు థాంక్స్ చెప్పి వెళ్దామని వచ్చాను."

"ఎక్కడికి వెళ్తున్నారు మాస్టారూ?"

"ఎక్కడికీ లేదు" అని నవ్వారు.

ఆమె ఆయన్ని కారులో కూర్చోబెట్టి తలుపు వేసింది.

"సూటిగా అడుగుతున్నాను, ఏమనుకోకండి. చచ్చిపోదామనుకుంటున్నారా?"

ఊరుకోవడం చేతకాని మనిషి ఆమె. అయినా ఆయన జవాబు కోసం పళ్లు బిగించి ఊరుకుంది.

"అవును" అన్నారు చివరికి. "ఇవాళే అనుకున్నాను."

ఇంత చదువుకుని ఇదేం పని అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. "ఎన్నాళ్లుగా మోస్తున్నారు ఇదంతా?" అంది. ఆయన ముప్పావుగంట మాట్లాడారు. ఇంట్లో ఏదైనా సిద్ధం చేసి పెట్టుకున్నారా అని కూడా అడిగింది. ఉందన్నారు.

"ఎవరికీ చెప్పనని మాటివ్వండి మేడమ్."

"అది మాత్రం ఇవ్వను. రేపు నన్ను కసితీరా తిట్టుకోండి, పడతాను. ఇప్పుడు ఇద్దరం ఆస్పత్రికి వెళ్తున్నాం. ఎవరికి ఫోన్ చెయ్యమంటారు?"

"మా అక్కకి. కానీ తను తట్టుకోలేదు."

"అక్కల సంగతి నాకు తెలుసు. చెప్పకపోతేనే తట్టుకోలేం."

ఆస్పత్రిలో కౌంటరు దగ్గరి మనిషి, మానసిక వైద్యుడు రేపు వస్తారన్నాడు.

"రేపటిదాకా ఆగేది కాదిది. డాక్టరు చూసేదాకా నేనిక్కణ్ణుంచి కదలను" అంది బ్రేకమ్మ. ఆ గొంతుకి వరండా అంతా తలతిప్పింది. మూడు గంటలు కూర్చున్నారు. మాస్టారు బాత్రూముకి వెళ్తే తలుపు బయటే నిలబడింది.

"లోపలికి కూడా వస్తారా?"

"గొళ్లెం పెట్టకపోతే రాను."

ఆయనకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. డాక్టరు వచ్చి చూసి చేర్చుకున్నాడు. అప్పటికే బ్రేకమ్మ ఫోను అందుకున్న మాస్టారి అక్క ఆయన ఇంటికి వెళ్లి, ఆ సిద్ధం చేసుకున్నదాన్ని తీసేయించి, ఒక్కో కాలికి ఒక్కో రకం చెప్పుతో పరుగున వచ్చింది.

మాస్టారు కోపంతో రెండు వారాలు బ్రేకమ్మతో మాట్లాడలేదు. అయినా ఆమె ఆదివారమాదివారం వెళ్లి ఆయన పక్కన కూర్చుంది. ఇప్పుడాయన అక్క ఇంట్లో ఉంటూ మందులు వాడుతున్నారు. అన్ని రోజులూ బాగుండవు. బాగోలేని రోజు దాచకుండా డాక్టరుకో, అక్కకో ఫోన్ చేస్తారు.

డ్రైవింగ్ స్కూలు యజమానిని కూడా ఆమె వదల్లేదు, కారు నేర్పేవాళ్లందరికీ ఆ శిక్షణ ఇప్పించమంది. "మనకీ దీనికీ ఏం సంబంధమమ్మా?" అన్నాడాయన.

"రోజూ గంటసేపు పక్కనే కూర్చుంటున్నాం కదండీ. ఇంకెవరు కూర్చుంటున్నారు వీళ్లతో?"

తర్వాతి బుధవారం ఆ డాక్టరే వచ్చి నేర్పేవాళ్లు ఆరుగురికీ శిక్షణ ఇచ్చాడు. పక్కవారి వైపు తిరిగి, చచ్చిపోదామనుకుంటున్నారా అన్న ఆ ప్రశ్న పైకి అడగాలన్నాడు. ఇద్దరికి నోరు పెగల్లేదు. బ్రేకమ్మ వాళ్ల ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, "మళ్లీ అడగండి, నన్నడగండి" అంది.