ఒంటిగంట ఫైలు

విజయవాడలో ఓ ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో టెక్నీషియన్ శౌరయ్య గారు. పామర్రు బస్సు దిగొచ్చి, క్యారియరు బల్ల కింద పెట్టి, కళ్ళజోడు చొక్కా అంచుతో తుడుచుకున్నాకే ఎవరితోనైనా మాట్లాడతారు. ప్రోగ్రాం నడవట్లేదని పిల్లలు పిలిస్తే, భుజం మీదుగా వంగి మొదటి లైను చూస్తారు. "దీన్ని ఎవరు చదివి నడపాలో సిస్టమ్‌కి ఇక్కడ చెప్పాలమ్మా. నడిచే పర్మిషన్ కూడా ఇవ్వాలి. లేకపోతే ఇది ఉత్త రాతే." రోజుకి పదిసార్లు ఇదే మాట, విసుగు లేకుండా. అంతకు మించి ఆయన మాట్లాడగా ఎవరూ వినలేదు.

మొన్న కొత్త కంప్యూటర్లొచ్చాయి. పాత ఫైళ్ళు పెన్‌డ్రైవులో తెచ్చి ఎక్కించేసరికి నడిచే పర్మిషన్లన్నీ పోయాయి. వారం రోజులు కూర్చుని ఆయన అన్నీ సరిచేశారు. సాయానికొచ్చిన ఫైనలియర్ దీవెన, ఆయన సిస్టమ్‌లో 'అమల' అనే ఫైలొక్కటి మిగిలిపోవడం చూసింది. మర్చిపోయారనుకుని పర్మిషన్ ఇచ్చేసింది. మధ్యాహ్నం సరిగ్గా ఒంటిగంటకి తెర మీద అక్షరాలు వచ్చాయి: "ఏమండీ, అన్నం తిన్నారా?" కింద జవాబు కోసం గీత మినుకుమంటోంది. శౌరయ్య గారి చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది.

"రోజూ ఈ టైముకి మా ఆవిడ ఫోన్ చేసి అడిగేదమ్మా. ఆవిడ పోయాక, ఒంటిగంటకి దానంతటదే అడిగేలా ఇది రాసుకున్నాను, మూడేళ్ళయింది. ఇక ఆపేద్దామనే వదిలేశాను."

"సారీ సార్, తీసేస్తాను," అంది దీవెన.

ఆయన తల అడ్డంగా ఊపారు. మూత తీయని క్యారియర్ని కాలితో ఇంకాస్త లోపలికి నెట్టి, "తిన్నాను" అని టైపు చేశారు.