హామిల్టన్ మ్యాచ్‌లో బంతికి తగిలిన చేయి

శనివారం పొద్దున్న ఎనిమిది దాటాక వాటర్లూ యూనివర్సిటీ పక్కనున్న బస్టాండులో పన్నెండు మందిమి నారింజ రంగు టీషర్టులు వేసుకుని నిలబడ్డాం. పదకొండు మంది విద్యార్థులు, నేను. టీషర్టుల ఆలోచన నాదే. కొత్త ఊళ్ళో ఎవరూ తప్పిపోకూడదని, దూరం నుంచి చూసినా మనవాళ్ళెవరో తెలియాలని మా తెలుగు సంఘం ఖర్చుతో చేయించాను. ఆ టీషర్టుల పుణ్యమా అని ఈ యాత్ర గురించి మా ఊళ్ళో ఇప్పటికీ ఒక తప్పుడు కథ తిరుగుతోంది. హామిల్టన్‌లో ఎవరో తెలుగు అమ్మాయి బంతికి చేయి అడ్డం పెట్టి బేస్‌బాల్ మ్యాచ్ ఓడగొట్టిందన్న కథ మీరూ వినే ఉంటారు. ఆ చేయి ఆ అమ్మాయిది కాదు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఎలా వెళ్ళాలో, ఎక్కడ కూర్చోవాలో కూడా రాస్తాను, వెళ్ళదలిచినవాళ్ళకి పనికొస్తుంది.

విద్యార్థులు విమానాల నిండా దిగుతున్న రోజులవి. ఇండియన్ షాపులో కరివేపాకు మధ్యాహ్నానికే అయిపోయేది. లైట్ రైలులో తెలుగు వినపడని పెట్టె ఉండేది కాదు. నేను ఈ దేశానికి వచ్చి చాలా ఏళ్ళయింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇల్లు, పౌరసత్వం, అన్నీ కుదిరాయి. నాలాంటివాళ్ళం నలుగురం కలిస్తే ఈ పిల్లల మీదే మాట: గట్టిగా మాట్లాడతారు, క్యూలో నిలబడరు, మన పేరు చెడగొడతారు. అందులో ఎక్కువ మాటలు నావే. చివరికి సంఘం ప్రెసిడెంటుగారు, "ఊరికే అనడం దేనికండీ, ఓ రోజు బయటికి తీసుకెళ్ళి నేర్పించండి" అన్నారు. అలా బయల్దేరిందీ యాత్ర.

గ్వెల్ఫ్ మీదుగా హామిల్టన్ వెళ్ళే బస్సు ఎక్కాం. దాదాపు రెండు గంటల ప్రయాణం. డబుల్ డెక్కర్ వస్తే పైకెక్కి ముందు సీట్లు పట్టుకోండి. మొక్కజొన్న చేలు దాటాక బస్సు కొండ దిగేటప్పుడు ఊరు, సరస్సు, ఉక్కు ఫ్యాక్టరీ పొగ గొట్టాలు ఒక్కసారిగా కనిపిస్తాయి. నేను మాత్రం చేల వంక చూడలేదు. సీటు కడ్డీ పట్టుకుని నిలబడి బేస్‌బాల్ పాఠం మొదలుపెట్టాను.

కడప కుర్రాడు చైతన్య చేయెత్తాడు. "అంకుల్, ఒక్క ముక్కలో చెప్పండి. కొట్టినంక యాడికి పరిగెత్తాల?"

నాలుగు బేసులూ వరసగా చుట్టి వస్తే ఒక పరుగని క్రికెట్‌తో పోల్చి చెప్పాను. చివర్లో, "బంతి మన సీట్లలోకి వస్తే మనదే. పట్టుకుంటే ఇంటికి తీసుకుపోవచ్చు, తిరిగి ఇవ్వక్కర్లేదు" అన్నాను. అందరూ హుషారుగా ఈల వేశారు.

కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి ఒక్కతే, "ఫీల్డర్ ఉరికొస్తే మాత్రం మనం జరగాలె అంకుల్" అంది.

"సరేనమ్మా, ముందు నన్ను చెప్పనివ్వు" అన్నాను.

ఆ అమ్మాయి సింధూజ. నిజామాబాద్ జిల్లా ఆర్మూరు. గ్వెల్ఫ్‌లో కొత్తవాళ్ళు ఎక్కుతున్నప్పుడు ఆమె పక్కన కూర్చుని మాట కలిపాను. స్కూల్లో బేస్‌బాల్ లాంటిదే అయిన సాఫ్ట్‌బాల్ మొదలుపెట్టి రాష్ట్ర జట్టు దాకా ఆడిందట. "మా దిక్కు ఆడపిల్లలు క్రికెట్ కన్న ఇదే ఎక్కువ ఆడుతరు అంకుల్. మా పీటీ సార్ ఊరందరి చేతులకు గ్లౌజులు తొడిగిండు" అని నవ్వింది. సెప్టెంబరులో చదువు కోసం హామిల్టన్‌కి మారుతోంది. అక్కడి మహిళల సాఫ్ట్‌బాల్ జట్టు కోచ్ లిండా ఈమె వీడియోలు చూసి, శనివారం మ్యాచ్ అయ్యాక గేటు దగ్గర కలవమందట. జట్టులో ఖాళీ ఒక్కటే ఉంది. సంచిలో తువ్వాలు చుట్టిన గ్లౌజ్ చూపించింది.

వెనక సీట్లోంచి చైతన్య తల దూర్చాడు. "మేమంతా మ్యాచ్‌కి పోతాండాం. ఈమె పెళ్ళిచూపులకి."

"పెళ్ళిచూపులకైతే ఇంత భయం కాకపోతుండె, పోరా" అంది.

పదిన్నరకల్లా హామిల్టన్‌లో దిగాం. స్టేషను నుంచి మైదానానికి సిటీ బస్సుంది. మ్యాచ్ టికెట్టు సినిమా టికెట్టు కంటే తక్కువే. గేటు దగ్గర సంచులు చూసే ఆవిడ మా నిమ్మకాయ పులిహోర డబ్బాలు లోపలికి రానివ్వలేదు గానీ, పక్క పార్కులో బల్లలు చూపించి, తినేసి రమ్మంది. కాబట్టి ఓ గంట ముందే చేరుకోండి. పెద్ద స్టేడియం కాదు, ఊరి జట్టు ఆడే మైదానం. మొదటి బేసు వైపు ముందు వరుసలో కూర్చుంటే ఆటగాళ్ళు తిట్టుకునేది కూడా వినబడుతుంది. ముందు నడుమెత్తు గోడ, అంతే. వల లేదు. మా పన్నెండు మందిదీ ఆ వరుసే.

మా వెనక వాల్టర్ అనే పెద్దాయన, ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. పక్కన ఆసుపత్రిలో నర్సుగా చేసే కూతురు కరెన్. "మీరంతా ఒకే కంపెనీనా?" అని వాల్టర్ అడిగాడు.

"కంపెనీ కాదండీ, ఒకే అంకుల్" అని చైతన్య నన్ను చూపించాడు.

ఆ తర్వాత ఆయన మాకు సొంత మనిషైపోయాడు. ఎవరు ఎందుకు అవుటయ్యారో ఒక్కొక్కటీ వంగి చెప్పేవాడు. మా పిల్లలు హామిల్టన్ జట్టుకి అరిచిన అరుపులకి పక్క వరుసలవాళ్ళు కూడా లేచి అరిచారు. రైల్లో నేను విసుక్కున్న గొంతులే అవి. ఆ మధ్యాహ్నం మైదానంలో వాటికి చోటు దొరికింది.

చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్ వచ్చింది. హామిల్టన్ ఒక్క పరుగు ముందుంది. అవతలి జట్టు బ్యాటింగ్, ఇద్దరు అవుట్, ఒకడు బేసు మీదున్నాడు. ఇంకొక్కడు అవుటైతే మ్యాచ్ మనది. బ్యాటర్ కొట్టిన బంతి పైకి లేచి, గీత దాటి, మా మీదికే దిగసాగింది. హామిల్టన్ ఫీల్డర్ దాన్నే చూస్తూ పరిగెత్తుకొచ్చి, గోడ మీదుగా మా సీట్లలోకి గ్లౌజ్ చాపాడు.

సీట్ల మీద గాల్లో పట్టుకున్నా ఇక్కడ అవుటే. క్రికెట్‌లో ఇలా ఉండదు. బౌండరీ దాటిన బంతి సిక్సరే. జనంలో ఎవరు పట్టినా చప్పట్లే. మా వరుసంతా లేచింది. "ఇడిచిపెట్టుండ్రి! ఆయనకు ఇడిచిపెట్టుండ్రి!" అని సింధూజ అరవడం నాకు స్పష్టంగా వినిపించింది. ఆమె చేతులు రెండూ వెనక్కి లాక్కుని ఒంగుంది. నేను కాలేజీలో వికెట్ కీపర్ని. చేతులు ఆగలేదు. బంతి నా చిటికెన వేలికి తగిలి, ఫీల్డర్ గ్లౌజ్ అంచు దాటి కింద పడి, సింధూజ పాదాల దగ్గర ఆగింది. ఆమె దాన్ని తీసి పట్టుకుంది. మైదానమంతా తల తిప్పి చూసేసరికి కనిపించింది అదే: నారింజ రంగు వరుస, అందులో ఒక అమ్మాయి చేతిలో బంతి.

బంతి గోడకి ఇవతలే, సీట్ల మీదే ఉంది కాబట్టి ప్రేక్షకుడు అడ్డుపడినట్టు కాదని అంపైర్ చెయ్యి ఊపాడు. బ్యాటర్ బతికిపోయాడు. తర్వాతి బంతిని అవతలి గోడ దాటించాడు. రెండు పరుగులు. మనవాళ్ళు మళ్ళీ బ్యాటింగ్‌కి వచ్చి ఏమీ చేయలేక ఓడిపోయారు.

జనం వెళ్ళిపోలేదు. మా చుట్టూ పంచాయితీ మొదలైంది.

"అంపైర్ తప్పేం లేదు, అతను రూలే చెప్పాడు" అన్నాడు వాల్టర్, ముఖం ఎర్రబడి. "కానీ మన జట్టు మనిషి చేయి చాపి వస్తుంటే మనం తప్పుకోవాలి. రూలు కాదది, ఇంగితం!"

"నాన్నా, తర్వాతి బంతి ఆ పిల్ల వేసిందా?" అంది కరెన్. "బౌలర్‌ని ఎవరూ అనరేం?"

"ఆ ఫీల్డర్ ఐదో ఇన్నింగ్స్‌లో ఒంటి మీదికొచ్చిన బంతినే వదిలేశాడు" అన్నారు ఇంకెవరో.

టోపీ పెట్టుకున్న ఒకతను సింధూజ వైపు చూపిస్తూ, "ఈ స్టూడెంట్లకి ఆటా తెలీదు, పద్ధతీ తెలీదు. గుంపులుగా వచ్చి పాడుచేస్తారు" అన్నాడు.

నేను సంఘంలో అన్న మాటలే అవి. ఇంగ్లీషులో విన్నాను, అంతే తేడా. అప్పుడైనా నోరు తెరవాలి. తెరవలేదు. వేలు ఉబ్బుతోంది. చేయి జేబులో పెట్టుకున్నాను. పద్ధతి నేర్పడానికి వచ్చినవాణ్ణి నేను. ఇంతలో ఫోను మోగింది. ఎవరో తీసిన వీడియో అప్పుడే మా సంఘం గ్రూపులోకి చేరింది. "ఎవరా అమ్మాయి? మీరు కాస్త హ్యాండిల్ చేయండి" అని ప్రెసిడెంటుగారి మెసేజ్. "చేస్తాను" అని ఎడమచేత్తో కొట్టాను.

సింధూజ బంతిని వాల్టర్ ఒళ్ళో పెట్టి, "సారీ సర్" అని గేటు వైపు నడిచింది.

గేటు దగ్గర లిండా నిలబడి ఉంది. పొడుగ్గా, ఎండకి కందిన ముఖం. పలకరింపులేమీ లేవు. "నేను అవతలి వైపు కూర్చున్నాను. బంతి నీ చేతిలో చూశాను. నువ్వేనా?"

"మా వరుస మేడమ్. తప్పు మాదే" అంది సింధూజ.

"నేనడిగింది అది కాదు."

"నేను చెప్పగలిగింది అంతే."

"ఫీల్డర్ వస్తే తప్పుకోవాలని తెలియని మనిషిని జట్టులోకి తీసుకోలేను" అని లిండా కార్ల వైపు వెళ్ళిపోయింది.

సింధూజ వంగి, ఊడని షూ లేసు మళ్ళీ కట్టుకుంటోంది. చైతన్యకి ఒళ్ళు మండింది. "నువ్వు చేతులు వెనక్కి తీసుకునింది నేను చూసినా. నేను కాదని ఒక్క మాట చెప్పేదానికి ఏమాయె?"

"టీమ్‌ల ఎవలన్న బాల్ ఇడిస్తె ఏలు పెట్టి చూపెడ్తమారా?" అంది, తల ఎత్తకుండా. తర్వాత గొంతు తగ్గించి, "అయినా అంకుల్ పెద్దాయన. అందరి ముంగట ఎట్ల చెప్తా?"

పదిమందీ నా వైపు తిరిగారు. ఎవరైనా తిట్టినా బాగుండేది.

పరిగెత్తాను. ఆ వయసులో, ఆ పొట్టతో, ఆ టీషర్టుతో కార్ల మధ్య పరిగెత్తి లిండాని ఆపాను. జేబులోంచి చేయి తీసి వేలు చూపించాను. "చేయి నాది. ఆ అమ్మాయి వదిలెయ్యమని అరిచింది. పొద్దున్న బస్సులో కూడా చెప్పింది. రెండుసార్లూ నేను వినలేదు."

"మరి ఇంతసేపూ?"

"సిగ్గేసింది."

ఆమె నా వేలు చూసింది, దూరంగా ఉన్న నారింజ గుంపుని చూసింది. "తను చెప్పి ఉండొచ్చు" అంది.

"చెప్పలేదు" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు గొంతులో సిగ్గుతో పాటు ఇంకేదో ఉంది. గర్వమే. నాకు ఏ హక్కూ లేని గర్వం.

లిండా కారు వెనక తలుపు తీసి బంతుల సంచి తీసింది. "గ్లౌజ్ తెచ్చుకుందా?"

కార్ల పక్కన గడ్డి మీద సింధూజని నిలబెట్టి బంతులు విసరడం మొదలుపెట్టింది. మొదట మెల్లగా, తర్వాత నేల మీద దూసుకుపోయేలా, కుడికి, ఎడమకి. సింధూజ, వంగిన మనిషి వంగినట్టే జరుగుతూ ఒక్కొక్కటీ తీసి, చూడకుండానే వెనక్కి విసిరింది. ఒక బంతి రాయికి తగిలి ముఖం మీదికి లేచింది. గ్లౌజ్ అప్పటికే అక్కడుంది. మా పిల్లల అరుపులకి కారెక్కబోతున్న వాల్టర్, కరెన్ కూడా వెనక్కొచ్చారు. సంగతి తెలిశాక వాల్టర్ నా భుజం మీద చేయి వేసి, ఆ పిల్లకి పడ్డ తిట్లన్నీ కూడా కలిపి నన్ను సుబ్బరంగా తిట్టాడు. తర్వాత సింధూజ దగ్గరికెళ్ళి టోపీ తీశాడు. ఆ బంతి తిరిగి ఆమెకే ఇచ్చాడు.

"సెప్టెంబరు దాకా ఆగకు. మంగళవారం ప్రాక్టీసుంది, రా" అంది లిండా. నా వైపు తిరిగి, "మీరు మాత్రం రావద్దు" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

సాయంత్రం ఆరున్నర బస్సు దొరికింది. పై అంతస్తులో చైతన్య జడ్జీ. తప్పు ఫీల్డర్‌దని ఇద్దరు, బౌలర్‌దని నలుగురు, నాదని మిగతావాళ్ళు వాదించారు. సింధూజ నా వైపే మాట్లాడింది. "ఎండ ఆ ఫీల్డర్ కండ్లల్ల కొట్టింది. అంకుల్ ముట్టకున్నా పట్టకపోతుండె కావచ్చు." నన్ను ఊరడించడానికే అంది. కొండెక్కుతున్న బస్సులో ఉబ్బిన వేలితోనే గ్రూపులో రాశాను: ఆ చేయి నాది, ఆ అమ్మాయి ఆపబోయింది. ప్రెసిడెంటుగారు దండం బొమ్మ పెట్టారు. దాని కింద ఎవరో సోఫా అమ్ముతామని పెట్టారు. వాటర్లూ చేరేసరికి నా మాట ఎక్కడో పైకెళ్ళిపోయింది. వీడియో మాత్రం ఇంకా తిరుగుతోంది.

బస్సు దిగాక పిల్లలు లైట్ రైలు కోసం క్యూలో నిలబడ్డారు. గట్టిగా మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఎవరో ఒకావిడ తిరిగి చూసి, "మీవాళ్ళా?" అని అడిగింది. "అవును, మావాళ్ళే" అన్నాను, కాస్త గట్టిగానే.

మీరూ ఆ మైదానానికి వెళ్ళండి. ముందు వరుసలో కూర్చోండి. బంతి వస్తే ముందు ఫీల్డర్ ఎక్కడున్నాడో చూడండి. ఆ ఏడాది ఆ చేయి ఎవరిదని వాదన వస్తే, నాదని చెప్పండి. మహిళల మ్యాచ్ ఉన్న రోజైతే ఇంకా మంచిది. రెండో, మూడో బేసుల మధ్య వంగి నిలబడే అమ్మాయిని చూడండి. నారింజ టీషర్టు వేసుకుని గట్టిగా అరిచే గుంపు కనిపిస్తుంది, అందులో నేనూ ఉంటాను. లిండా ఇప్పుడు రానిస్తోంది.