హిద్ క్యాంపు డేగిసా

గల్ఫులోని నయీమ్ పేటలో జగిత్యాల ముఖ్తార్‌ను ఎరగని తెలుగువాడు లేడు. కూరగాయల వ్యాను నడుపుతాడు. కూలీలుండే క్యాంపులో ఎవరైనా చనిపోతే, శవాన్ని ఊరికి పంపడానికి చందాలు పోగుచేసేది అతనే. అలాంటప్పుడు ఎవరూ రసీదు కాగితం అడగరు. ముఖ్తార్ చెయ్యి చాపాడంటే డబ్బు దారి తప్పదని నమ్మకం. ఇన్నేళ్ల గల్ఫు బతుకులో అతను వెనకేసుకున్నది ఆ నమ్మకమే.

గాజా పిల్లల కోసమంటూ విదేశంలోని ఒక సంస్థ ఫోన్‌లో పలకరించినప్పుడు కూడా ఆ అలవాటు కొద్దీ చెయ్యి చాపాడు. అనుమతి లేకుండా చందాలెత్తితే జైలేనని భార్య సుగ్రా మొత్తుకుంది.

“పర్మిషన్ ఉన్నోళ్లు ఉన్నరు గదా, వాళ్లకే ఇయ్యరాదుండ్రి?”

“ఆకలికి పర్మిషనేందే?” అని కొట్టిపారేసి, పోగైన డబ్బు ఆ సంస్థకు పంపాడు.

ఒక శుక్రవారం నమాజు అయ్యాక చాయ్ హోటల్లో నర్సింలు కలిశాడు. హిద్‌లో ఓడలు బాగుచేసే యార్డులో పని అతనిది. గాజా చందాకని ఓవర్‌టైం డబ్బు తెచ్చి ముఖ్తార్ చేతిలో పెట్టినవాడు. సంస్థ అప్పుడే పంపిన ఫొటోను ముఖ్తార్ మురిసిపోతూ చూపించాడు. గుండిగంత డేగిసాలోంచి, చాచిన చేతుల్లోని ప్లేట్లలోకి అన్నం వడ్డిస్తున్నారు.

“సూడు, మన పైసల బువ్వ. గాజాల పంచుతున్నరు.”

నర్సింలు ఫోన్ దగ్గరికి లాక్కున్నాడు. కళ్లు చికిలించాడు. ఉన్నట్టుండి పగలబడి నవ్వాడు.

“భాయ్, నేనెప్పుడు గాజా పోయొచ్చిన?”

“ఏం మాట్లాడుతున్నవ్‌రా?”

“ప్లేటు పట్టిన చెయ్యి నాదే. గ్రైండర్ తాకి తెగిన వేలు గిదే, సూడు. గా డేగిసా మన క్యాంపుది. గంటెకు పచ్చబట్ట సుట్టింది నువ్వే గదా!”

ముఖ్తార్ ఫొటోను పెద్దది చేసి చూశాడు. పోయిన రంజాన్‌లో క్యాంపు వాళ్లకు ఇఫ్తార్ వండించి, తన చేతులతో తీసిన ఫొటో అది. “మీ సేవ మాకూ చూపించండి” అని సంస్థవాళ్లు అడిగితే పొంగిపోయి పంపాడు. ఇప్పుడు ముఖాలు కత్తిరించి, దాని మీద గాజా అని రాసి తనకే తిప్పి పంపారు.

అక్కడికక్కడే సంస్థకు ఫోన్ చేశాడు.

“అది ఊరికే పెట్టిన ఫొటో భాయ్, అందరూ చేసేదే,” అంది అవతలి గొంతు.

“మరి అసలుది ఏది? బువ్వ ఎవరికి ముట్టింది?”

“లెక్కలడిగేది గాజా శత్రువులు. మీరెవరి వైపు?”

ఫోన్ కట్టయింది. మళ్లీ చేస్తే కలవలేదు.

ముఖ్తార్ ఫోన్ బల్ల మీద పెట్టాడు. అక్కడ పిల్లలు ఆకలితో ఉన్నది నిజం. వాళ్ల పేరు చెప్పి తీసుకున్నది ఎవరి కడుపులోకి పోయిందో!

“నీ పైసలు నేనిస్తరా, నర్సింలూ.”

“నావి పోనీ భాయ్. అందరు నీ ముఖం జూసి ఇచ్చిండ్రు. వాళ్లకేం జెప్తవ్?”

హోటల్ నిండా మనవాళ్లే, చందా ఇచ్చినవాళ్లే. చెబితే సంగతి పోలీసుల దాకా పోవచ్చు. వీసా ఇచ్చిన యజమాని కఫీల్ విమానం ఎక్కించి ఊరికి పంపేయవచ్చు. చెప్పకపోతే, రేపు ఎవరి శవం దగ్గరైనా ఈ చెయ్యే చాపాలి.

ముఖ్తార్ లేచి ఫోన్ పైకెత్తాడు.

“భాయ్, జర అందరు ఇటు సూడుండ్రి. ఇది గాజా కాదు. మన హిద్ క్యాంపు.”

చాయ్ గ్లాసులు కింద పెట్టి అందరూ అటు తిరిగారు. నర్సింలు కూడా పక్కన నిలబడి, తెగిన వేలును అందరికీ కనబడేలా ఎత్తాడు.