పిన్నిగారి దుప్పటిలో ఒక ఖాళీ

మా వెనక వీధి లేసు పిన్నిగారు పోయారు. పొద్దున్నే కొట్టు తాళం తీస్తుంటే ఆవిడ కోడలు ఫోన్ చేసి, "అక్కా, అత్తయ్యగారు లేవట్లేదండి" అంది. ఆ మాట అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది. అర్థమయ్యాక, తీస్తున్న తాళం మళ్లీ వేసేశాను. ఇది చదివే మీలో ఆవిడని ఎరిగినవాళ్లు ఉండరు. మా నరసాపురంలో లేసు అల్లే ఆడవాళ్లు ఎంతోమంది, అందులో ఆవిడొకరు. అయినా ఎవరితోనైనా చెప్పుకోకపోతే నాకు ఊపిరాడేలా లేదు.

నా సంగతి ఒక ముక్క చెప్పాలి. మాది బట్టల కొట్టు. చీర మడత విప్పి చూపించాలంటే ముందు కనబడేవి చేతులే. నా చేతుల మీద బొల్లి మచ్చలు మొదలై, రెండేళ్లలో మణికట్లు దాటాయి. ఓ రోజు పెళ్లి చీరలకి వచ్చినావిడ నా చేతుల వంక చూసి, మా ఆయనతో, "వేరే ఎవరినైనా చూపించమనండి" అంది. చీర ఆయన చేతికిచ్చేసి లోపలికెళ్లిపోయాను. మర్నాటి నుంచి మండుటెండల్లో కూడా పొడుగు చేతుల జాకెట్టు, పైన కొంగు. బొల్లి అంటుకునేది కాదని డాక్టరుగారు నాకు చెప్పారు, సరే. ఊళ్లోవాళ్లకి ఎవరు చెబుతారు?

చేతిలో ఏదో ఒక పనుంటే మనసు కుదుటపడుతుందని మా అమ్మ పోరి పోరి నన్ను పిన్నిగారి అరుగెక్కించింది. ఆవిడది అతుకుపని. అంటే ఇంటింటా ఆడవాళ్లు అల్లిన లేసు పువ్వుల్ని ఒక్కొక్కటే కలిపి దుప్పటిగా తయారుచేయడం. తెల్లదారం ఉండ దొర్లిపోయి మట్టి అంటకుండా ఇత్తడి చెంబులో వేసుకునేవారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, పని మొదలుపెట్టే ముందు, కళ్లు మూసుకుని అరచేతులు ఒళ్లో తెరిచి పెట్టుకుని కదలకుండా కూర్చునేవారు. ధ్యానమా అని అడిగితే నవ్వారు.

"ధ్యానమో ఏంటో నాకు తెలీదమ్మాయ్. ఊరికే కూర్చోవడం. పొద్దుట్నుంచీ చేతులు అడ్డమైన చాకిరీ చేస్తాయి కదా, కాసేపు వాటినీ కూర్చోబెట్టాలి."

నేనూ కూర్చున్నాను, చేతులు కొంగు కింద పెట్టుకుని. ఆవిడ కళ్లు తెరవకుండానే, "అవీ బయటికొచ్చి కూర్చోవాలమ్మా" అన్నారు. కళ్లు మూసుకుని ఎలా చూశారో మరి. చేతులు బయటపెట్టి బావురుమన్నాను. ఆవిడ ఓదార్చలేదు. నా ఏడుపు అయ్యేదాకా అలాగే కూర్చుని, తర్వాత లేసు అల్లే కొక్కెం సూది చేతికిచ్చారు.

అలా ఎనిమిదేళ్లు. కొట్లో, పెళ్లిళ్లలో నా చేతులు దాక్కునే తిరిగేవి. ఆ అరుగు మీద మాత్రం అవి నావి.

లేసు కొనే ఏజెంటు బాగాలేవని తిరగ్గొట్టిన పువ్వుల్ని పిన్నిగారు దాచేవారు. రెక్క తక్కువైనవి, దారం బిగలాగడంతో గిన్నెలా ముడుచుకుపోయినవి. మామూలుగా అలాంటివాటిని విప్పేసి దారం మళ్లీ వాడతారు. ఆవిడ విప్పనిచ్చేవారు కాదు. వాటితో తనకోసం ఒక దుప్పటి అతుకుతూ ఉండేవారు. ఒక్కో వంకర పువ్వునీ అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసి, "దీన్ని తిన్నగా చెయ్యకూడదు. పక్కదాన్ని కాస్త జరగమనాలి" అనేవారు. అంత అందమైన దుప్పటి మా కొట్లో ఏనాడూ అమ్మలేదు.

నన్నూ ఒక పువ్వు ఇమ్మన్నారు. ఆరు రెక్కలూ సమానంగా అల్లి పట్టుకెళ్లాను. "ఇది ఏజెంటుకిచ్చెయ్. నాకు అల్లికలో తప్పుపోయింది కావాలి" అన్నారు. తప్పుపోయినవి నా దగ్గర బోలెడు. ఆవిడ కంటపడకముందే విప్పేసేదాన్ని. అదీ ఆవిడకి తెలుసు. ఏటా అడిగేవారు, ఏటా నేను మంచిదే పట్టుకెళ్లేదాన్ని. మొండితనం ఇద్దరిదీ.

పోయిన రోజు ఆవిడని వసారాలో పడుకోబెట్టారు. స్నానం చేయించే ముందు ఆడవాళ్లందరూ తలో చుక్క నూనె ఆవిడ తలకి పెడుతున్నారు. కోడలు గిన్నె నా ముందుకి చాపి, "మీరూ పెట్టండక్కా" అంది. వసారా నిండా జనం. నా చేతులు కొంగు కిందికి వెళ్లిపోయాయి. ఎవరూ ఏమీ అనలేదు. నిజం చెబుతున్నాను, ఒక్కరూ అనలేదు. నేనే వెనక్కి జరిగాను. ఎనిమిదేళ్లు నా చేతుల్ని పక్కన కూర్చోబెట్టుకున్న మనిషికి చుక్క నూనె పెట్టలేకపోయాను. ఇంకేం నేర్చుకున్నట్టు నేను? ఇది రాయడానికి కూడా సిగ్గేస్తోంది.

పెద్దకర్మ అయ్యాక కోడలు ఆ దుప్పటి తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"ఇదిగో, ఇక్కడ ఖాళీ చూడండక్కా. చుట్టూ అతికేసి ఇదొక్కటే వదిలేశారు. ఎందుకండీ అనడిగితే, అది మీ అక్కది, ఇంకా ఇవ్వలేదు అనేవారు."

ఖాళీ అంచున సూది వేలాడుతోంది. పని ముగిస్తే మేము దారం తెంపేస్తాం. మళ్లీ వచ్చి అల్లుదామనుకుంటే, జారిపోకుండా ఆఖరి ఉచ్చుని పొడుగ్గా లాగి, సూది అందులోనే ఉంచి లేస్తాం. పిన్నిగారు ఉచ్చుని పొడుగ్గా లాగి ఉంచారు.

ఇప్పుడు మధ్యాహ్నాలు ఒక్కదాన్నే కూర్చుంటున్నాను. శాంతీ లేదు, ఏమీ లేదు. కళ్లు మూసుకుంటే ఆ నూనె గిన్నె కనబడుతుంది. తప్పుపోయిన పువ్వు ఇవ్వడానికి ఇప్పుడు సిద్ధమే, తీసుకునే చెయ్యే లేదు. పోనీ నేనే అతుకుదామని సూది పట్టుకుంటే, కావాలని చేసిన తప్పుని ఆవిడ ఇట్టే పట్టేస్తారనిపించి వదిలేస్తున్నాను.

నిన్న దుప్పటి ఒళ్లో పరుచుకుని కూర్చున్నాను. పాత అలవాటు కదా, చేతులు రెండూ దాని కిందికి దూరాయి. కళ్లు తెరిచేసరికి, ఆవిడ వదిలిన ఖాళీలోంచి నా చెయ్యి మచ్చతో సహా కనబడుతోంది. పక్కన ఉచ్చులో సూది అలాగే ఉంది.