నల్లబడిన కాగితపు పూల కొమ్మలు

2022 చలికాలం మొదట్లో బహ్రెయిన్‌లోని నువైద్రాత్ దగ్గర ఒక నర్సరీలో సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. లేత కొమ్మలు కోసి, అడుగు పొడిలో అద్ది, ఇసుకలో నాటి మొక్కలు చేయించడం నా పని. ఆ పొడి పేరు ఐబీఏ. కొమ్మ చిగురులో సహజంగా పుట్టే ఆక్సిన్ అనే హార్మోన్ కిందికి దిగి, కోసిన చోట వేర్లు పుట్టిస్తుంది. ఐబీఏ చేసేదీ ఆ పనే.

ఆ నెల మా పనివాడు రాజన్న నాటిన కాగితపు పూల కొమ్మలన్నీ అడుగున నల్లబడి చచ్చిపోయాయి. పక్క బల్ల మీద వేరే డబ్బాలోని పొడి అద్ది నాటినవి బాగానే ఉన్నాయి. రాజన్నది నిజామాబాద్ వైపు.

"లీవ్ ఇవ్వలేదని కసి తీర్చుకుంటున్నాడండీ. కఫీల్‌కి చెప్పేశాను, ఈ వారంలో పంపించేస్తాం," అన్నారు మా మేనేజర్ మూర్తిగారు. కఫీల్ అంటే మా వీసాలకు పూచీపడే యజమాని.

నాకూ అనుమానం లేకపోలేదు. కొన్నాళ్లుగా రాజన్న ముభావంగా ఉంటున్నాడు. షేడ్ నెట్ చాటు నుంచి అతని చేతులనే చూశాను. తప్పేమీ కనిపించలేదు. చివరికి అతన్నే అడిగాను.

"లీవ్ అడిగిన మాట నిజమే మేడం. గందుకని మొక్కల మీద కోపం తీస్తనా? ఎప్పట్లెక్కనే అద్ది పెట్టిన," అన్నాడు.

ఒకే చెట్టు కొమ్మలు తీసుకుని, అదే ఇసుకలో నేనే నాటాను. కొన్నిటికి అతని డబ్బాలోని పొడి అద్దాను, కొన్నిటికి అద్దలేదు. పొడి తగలనివి పచ్చగా నిలిచాయి. తగిలినవన్నీ నల్లబడ్డాయి. ఇసుకలో లోపం లేదు, చేతిలోనూ లేదు. స్టోరులో వెతికితే ముదురు కొమ్మలకు వాడే ఘాటు పొడి సంచీ విప్పి ఉంది. హార్మోన్ మోతాదు మించితే లేత కాండాన్ని మాడ్చేస్తుంది.

"ఆ డబ్బా ఎవరు నింపారండీ?" అని మూర్తిగారిని అడిగాను.

"అయిపోతే నేనే నింపాను. రెండూ వేర్లు రావడానికేగా," అన్నారాయన.

కఫీల్‌తో మాట్లాడినప్పుడు ఈ సంగతి ఆయనకు గుర్తుందో లేదో నాకు ఈనాటికీ తెలియదు. రాజన్నను మాత్రం పంపలేదు.

ఏ మందైనా ముందు నాలుగు కొమ్మల మీద చూశాకే వాడాలని అప్పుడు నేర్చుకున్నాను. రాజన్న ఇంకాస్త ఎక్కువే నేర్చుకున్నాడు. మొన్న కొత్త డబ్బా చేతికిస్తే మూత తీయకుండానే అడిగాడు: "గిది ఎవరు నింపిన్రు మేడం?"

"నేనే," అన్నాను.

"అయితే ముంగట నాలుగు కొమ్మలు పెట్టి సూస్త," అన్నాడు.